ఆరితే పేలుతది

కరీంనగర్‌లో మా కాలేజీ లైబ్రరీ. బయట సాయంత్రపు వాన. నేను బాలమల్లు సార్ దగ్గర పీహెచ్‌డీలో కొత్తగా చేరాను. ఒక పదార్థం గురించి ఇదివరకు ఎవరేం రాశారో వెతకమన్నారు సార్. అణువు బొమ్మ గీసి కంప్యూటర్‌లో వెతికాను. నైట్రిక్ యాసిడ్‌తో తయారుచేసే పద్ధతి దొరికింది. ప్రమాదమని ఎక్కడా లేదు.

ఎదురు బల్ల దగ్గర ఒకమ్మాయి... ఎప్పుడు వచ్చిందో చూడలేదు. చున్నీతో సగం ముఖం కప్పుకుంది. కాలిన వెంట్రుకల వాసన.

"అండ్ల దొరకదక్కా," అంది మెల్లగా. "పాత జర్మన్ పుస్తకాల్ల సూడు."

కింది అరలోంచి దుమ్ముపట్టిన సంపుటం తీసి, ఫోన్‌తో అనువదించుకున్నాను. ఆ పదార్థం పూర్తిగా ఆరాక గీకితే చాలు, పేలుతుందట. ఆ వాక్యం కింద ఎవరో గీత గీశారు.

తలెత్తితే కుర్చీ ఖాళీ.

లైబ్రరీలో పనిచేసే చంద్రవ్వను అడిగాను. ఆమె పుస్తకం చూసి గొంతు తగ్గించింది. నాకంటే ముందు మహిమ అనే అమ్మాయి సార్ దగ్గర ఇదే పని చేస్తూ ల్యాబ్‌లో పేలుడుకు చచ్చిపోయిందట. ఆ పదార్థం ప్రమాదకరమని ఎవరూ ఎక్కడా రాయలేదు, తప్పు పిల్లదేనని విచారణలో సార్ చెప్పారట.

"గా గీత సార్ గీసిందే," అంది చంద్రవ్వ. "పిల్ల సచ్చిపోకముందే. నేనే తీసిచ్చిన బుక్కు."

అప్పుడే సార్ గుమ్మంలోకి వచ్చారు. నా వెనక దేన్నో చూశారు. ముఖం పాలిపోయింది. వెనుదిరిగి, ఎవరో చెయ్యి పట్టి నడిపిస్తున్నట్టు ల్యాబ్ వైపు పోయారు.

వెంట పరుగెత్తాను. తలుపు మూసి ఉంది. అద్దంలోంచి చూశాను. బల్ల మీద గాజు పళ్లెంలో తెల్లటి పొడి. మేమెవరం చేయలేదు దాన్ని. బాగా ఆరిపోయి ఉంది. సార్ చేతిలో పొడి తీసే చిన్న గరిటె...

"ఆరితే పేలుతది..." గొణుగుతున్నారు. "చెప్తే నువ్వు చెయ్యవని చెప్పలే, మహిమా..."

గీకుతున్నారు.

నన్ను చూశారు.

"వనితా... నా చెయ్యి ఆగుతలేదు."

వెలుగు. చప్పుడు. తర్వాత నాకేం వినిపించలేదు.

సార్ బతకలేదు. పోలీసులు అడిగింది ఒక్కటే. తలుపు గడియ బయటినుంచి ఎవరు పెట్టారని. వరండాలో ఉన్నది నేనొక్కదాన్నే. నేను పెట్టలేదన్నాను.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే కుడి మణికట్టు మీద నాలుగు వేళ్ల గుర్తులు కనిపించాయి. పసుప్పచ్చగా. నైట్రిక్ యాసిడ్ తగిలితే చర్మం అట్లా మారుతుంది. ఆరోజు నేను ఏ యాసిడూ ముట్టలేదు.

సబ్బు పెట్టి రుద్దాను. పోలేదు.

పొద్దున లేచి చూస్తే... బొటనవేలి గుర్తు కూడా ఉంది.