గూడబాతు గుండెమీద మూడు చుక్కలు

"మా ఆయన్ని చంపేస్తారమ్మా!" అంటూనే లోపలికొచ్చింది ఒదీల్ గిడ్రీ. వానకు తడిసిన చెప్పులు గుమ్మంలో విడవాలన్న ధ్యాస కూడా లేదామెకు.

జెర్మెయిన్ బతీస్త్‌కు ఊరడించడం చేతకాదు. న్యూ ఆర్లీన్స్‌లో పాతికేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తున్నా ఆ విద్య మాత్రం అబ్బలేదు. కుర్చీ చూపించి, చికోరీ కాఫీ పోసి ముందు పెట్టింది. సహాయకుడు లియోన్ కాగితం, పెన్సిలు అందుకున్నాడు.

"మొదట్నించీ చెప్పు. ఏడుపు తరవాత."

"మాది బయూ సెరీజ్. మా ఊరి మ్యూజియం పెద్దాయన అల్సీడ్ మంగళవారం పొద్దున ఊరి పక్క బయూ కాలవ నీళ్లలో తేలాడు. తలమీద దెబ్బ. మా ఆయన ఓవీడ్ అక్కడే కాపలా. ముందురోజు ఇద్దరూ కేకలేసుకోవడం ఊరంతా విన్నారు."

"కేకలెందుకు?"

"మా ఆయన తాగొచ్చాడని."

"తాగాడా?"

"తాగాడు. మీ దగ్గర దాపరికమేంటి? కానీ తాగితే నిద్రపోతాడమ్మా, చంపడు. ఆయన టోపీ అక్కడి పడవల రేవు చెక్కలమీద దొరికిందని జైల్లో పెట్టారు. సోమవారం జూరీ ముందు పెడతారట. ఈ రాష్ట్రంలో హత్యంటే ప్రాణానికి ప్రాణమే కదా?"

జెర్మెయిన్ కాదనలేదు. "ఇంకేం గుర్తుంది?"

ఒదీల్ గొంతు తగ్గించింది. "చనిపోయిన సాయంత్రం పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. 'ఒదీల్, పక్షికి నెత్తురు కారుతోంది. రేపొచ్చి నువ్వే చూడు' అని పెట్టేశాడు. మ్యూజియం వెనక దొడ్లో రెక్క విరిగిన గూడబాతు ఒకటుంది. దాని సంగతే అనుకున్నా."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. పొగమంచు దట్టంగా ఉంది. సైప్రస్ చెట్లకు వేలాడే నాచు కారు అద్దాలకు రాసుకుంటోంది. నీళ్లలో రెండు మొసలి కళ్లు కదలకుండా వాళ్లనే చూశాయి. ఊళ్లో ఎవరూ ఒదీల్‌ను పలకరించలేదు. నిన్నటిదాకా ఆమె చేతి గంబో తిన్నవాళ్లే తలుపులేసుకున్నారు. లియోన్‌కు కోపం ముంచుకొచ్చింది. జెర్మెయిన్ మాత్రం ఆమెను తమ్ముడి ఇంటి దగ్గర దించి, తాము పిలిచేదాకా రావద్దంది.

విరిగిన రెక్క తప్పిస్తే దొడ్లో గూడబాతు నిక్షేపంలా ఉంది. లియోన్ ఈకలన్నీ వెతికి చూశాడు. ఒక్క గీత లేదు. అది మాత్రం అతని చెయ్యి గట్టిగా పొడిచింది.

"నెత్తురు నాకే కారింది మేడమ్."

"అయితే ఇంకో పక్షిని చూద్దాం పద."

మ్యూజియం లోపలి గదిలో మొసలి తోళ్లూ, మాగ్నోలియా పూల పటాలూ దాటాక, గోడకు గాజుపెట్టెలో పాత జెండా ఉంది. నీలం బట్టమీద తెల్ల గూడబాతు, దాని గూట్లో నోళ్లు తెరిచిన మూడు పిల్లలు. పిల్లలకు నెత్తురు తాగించడానికి తల్లి తన రొమ్ము చీల్చుకుంటోంది. రొమ్ముమీద మూడు ఎర్రని చుక్కలు. కుట్టింది ఒదీల్ ముత్తవ్వ.

లియోన్ రిజిస్టరు చదివాడు. "రొమ్ము దగ్గర పురుగు కొట్టిన చిల్లు. బాగుచేసింది ఫెలిసియాన్. పోయిన శుక్రవారం తిరిగొచ్చింది. ఫెలిసియానంటే ఒదీల్ తమ్ముడే కదా?"

"అతనే. షెరీఫ్ ఇచ్చిన తాళంతో పెట్టె తియ్యి."

జెర్మెయిన్ జెండాను తిరగేసి, చుక్కల వెనక వేలితో తడిమింది. బట్ట నున్నగా ఉంది. మాటు వేసిన జాడే లేదు.

"అయినా ఈ చుక్కల్లో వింతేముంది మేడమ్? మన రాష్ట్ర జెండాలో గూడబాతుకు మూడు నెత్తుటి చుక్కలని బళ్లో మాకందరికీ నేర్పిందేగా."

"అందరికీ నేర్పారు. అదే వచ్చిన చిక్కు" అందామె.

మధ్యాహ్నానికి అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టింది. చేతులకు బేడీలతో ఓవీడ్, పక్కన షెరీఫ్ ఎబేర్, బోస్టన్ నుంచి వచ్చి మూడేళ్లుగా మ్యూజియం అధ్యక్షుడిగా ఉన్న విట్‌కోమ్, ఒదీల్, ఆమె భుజంమీద చెయ్యేసి ఫెలిసియాన్. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి పెంచింది ఒదీలే. సూది పట్టడం కూడా ఆమే నేర్పింది.

"విట్‌కోమ్ గారూ, గాజుపెట్టె తాళం మీ దగ్గర కూడా ఉందా?"

"ఉంది. అయితే?"

"అంతే. కూర్చోండి. ఫెలిసియాన్, నీకు జెండా ఇచ్చినప్పుడు పక్షిమీద చుక్కలెన్ని?"

"మూడు. ఇంకెన్నుంటాయి? చంటిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"నీ కళ్లతో చూశావా?"

"చూశా. వెలిసిపోతే వాటిమీదే కొత్త దారం వేశా."

ఒదీల్ నవ్వేసింది. మంగళవారం తరవాత అదే ఆమె మొదటి నవ్వు. "ఏరా, మతిగానీ పోయిందా? ముత్తవ్వ జెండాకి చుక్కలెక్కడివిరా? ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టిన మనిషి, నా చేత్తో తల్లికి నెత్తురు కుట్టనంది. కుట్టలేదు. అమ్మమ్మ నాకు చెప్పింది. నువ్వప్పటికి పుట్టనేలేదు."

ఫెలిసియాన్ చెయ్యి మెల్లగా ఆమె భుజంమీంచి జారిపోయింది.

"నలభై ఏళ్లు ఆ జెండాను చూసిన అల్సీడ్, నెత్తురు కారుతోందని ఇప్పుడెందుకన్నాడు?" అంది జెర్మెయిన్. "మొన్నటిదాకా లేదు గనక. రిజిస్టరులో చిల్లు ఉంది, లోపలున్న జెండాకి మాటు లేదు. అది పూర్తిగా కొత్త కుట్టు. చిల్లు పడ్డ జెండాని ముందు పెట్టుకుని నకలు తీశాడు ఇతను. విట్‌కోమ్ గారిలాంటి పరాయివాడైతే ఆ చోటు ఖాళీగా వదిలేవాడు. ఇతను ఇక్కడి బళ్లో చదివాడు. పురుగు తిన్నది చుక్కలనే అనుకున్నాడు, మూడూ కుట్టాడు. లేని చుక్కల్ని చూశానని ఇప్పుడు మీ అందరి ముందూ చెప్పాడు. షెరీఫ్, ఇతని ఇల్లు వెతకండి."

"వెతకక్కర్లేదు" అన్నాడు ఫెలిసియాన్. "అసలు జెండా నా మంచం కింద సైప్రస్ పెట్టెలో ఉంది. తుపానుకి రొయ్యల పడవ పోయింది, నా బతుకూ పోయింది. కొనేవాడు దొరికాడు. పెద్దాయన రేవుకి పిలిచి, పొద్దున్నే మీ అక్కని పిలుస్తానన్నాడు. తోశాను. స్తంభానికి తల కొట్టుకుని నీళ్లలో పడ్డాడు. చెయ్యి అందిస్తే బతికేవాడు."

"అందించలేదు" అన్నాడు ఓవీడ్. "నేను తాగి పడుకుంటే నా టోపీ మాత్రం తీసుకెళ్లి అక్కడ పెట్టావు. మొన్న జైలుకొచ్చి నాకు రొట్టె కూడా ఇచ్చావు కదరా!"

షెరీఫ్ బేడీలు ఓవీడ్ చేతుల నుంచి తీసి ఫెలిసియాన్‌కు వేశాడు. గుమ్మం దగ్గర ఫెలిసియాన్ వెనక్కి తిరిగాడు. "ఎందుకక్కా నోరు విప్పావు?"

"నువ్వే చేశావని నాకు తెలియదురా. తెలిసుంటే విప్పేదాన్ని కాదేమో."

ఆ మాట ఓవీడ్ విన్నాడు. ఒదీల్‌కూ తన నోటినుంచి ఏం వచ్చిందో అప్పుడే అర్థమైంది. భర్తవైపు తిరిగింది, చెయ్యి చాచింది. అతను బేడీలు ఒరుసుకుపోయిన మణికట్టు రుద్దుకుంటూ ఆ చేతిని చూశాడు. అందుకోకుండానే మెట్లు దిగి ఇంకా విడని పొగమంచులోకి నడిచిపోయాడు.