దిండు గలీబుల గౌన్లు

పొద్దున్నే పక్కలు సర్దబోయిన కోడలికి, చుట్టాల కోసం దాచిన నాలుగు దిళ్ళూ దిసమొలతో కనిపించాయి. ఒక్కదానికీ గలీబు లేదు.

"ఏమండీ, గలీబులేవి?"

మొహానికి సబ్బు రాసుకుంటున్న భర్త కళ్ళు తెరవకుండానే, "మా అమ్మనడుగు" అన్నాడు. ఆ ఇంట్లో ఏ గుడ్డ మాయమైనా జవాబు అదే.

అత్తగారు ముప్పై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన మనిషి. దుకాణం మూసినా చేతులు ఊరుకోవు. వారం రోజులుగా మరీనూ, వెనకగదిలో మిషను ఆగితే ఒట్టు.

కోడలికి మాత్రం కాలు నిలుస్తోందా? రేపు పాప వస్తోంది. నాలుగున్నరేళ్ళ పిల్ల. దత్తత కోసం రెండేళ్ళు శిశుగృహం చుట్టూ తిరిగితే ఇప్పటికి కుదిరింది. పాపను ఇంకా ఫోటోలో తప్ప చూడలేదు కనుక, పక్కింటి నాలుగేళ్ళ పిల్లను నిలబెట్టి కొలతలు తీసుకుని, బజారులో ఆరు గౌన్లు కొనుక్కొచ్చింది. రోజుకు రెండుసార్లు వాటిని బీరువాలోంచి తీయడం, మళ్ళీ సర్దడం. ఫోను మోగితే చాలు, శిశుగృహం వాళ్ళు ఏమైనా మెలికపెట్టారేమోనని పరుగెత్తుకెళ్ళి ఎత్తుతోంది.

వెనకగదిలోకి వెళ్ళేసరికి గలీబులు దొరికాయి, గౌన్లయిపోయి. మూసివున్న వైపు మెడా చంకలూ కత్తిరించి, భుజాలకు అదే గుడ్డతో నాడాలు కుట్టి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంది. ఎంత లాగి చూసినా రెండేళ్ళ పిల్లకు సరిపోయేదే.

కోడలికి ఆరు నెలల కిందటి మాట గుర్తొచ్చింది. పాప ఫోటో చూసి అత్తగారు, "ఇంత ఎదిగిన పిల్ల మనల్ని తనవాళ్ళనుకుంటుందా? పసిగుడ్డు కోసం ఆగొచ్చుగా" అంది. ఆ మాట అప్పటినుంచీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"ఇవెవరికత్తయ్యా?"

"ఎవరికేమిటే, పాపకే."

"ఏ పాపకి? వచ్చే పిల్లకి నాలుగున్నరేళ్ళు. మీకింకా పసిగుడ్డే కావాలనుంటే నోటితో చెప్పండి. ఇలా కుట్టి చూపించక్కర్లేదు."

మిషను ఆగింది.

"ముప్పై ఏళ్ళు కుట్టారు. నాలుగేళ్ళ పిల్ల ఎంతుంటుందో మీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే ఇలా కుట్టాను."

తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చిన భర్త, "రేపు పిల్లని తెచ్చుకోవాలి, ఇప్పుడెందుకమ్మా ఈ గొడవ" అనబోయాడు. "నువ్వూరుకో", "మీరూరుకోండి" అని ఇద్దరూ ఒకేసారి కసిరారు. అతను వచ్చిన దారినే పోయాడు.

అత్తగారు సొరుగులోంచి శిశుగృహం వాళ్ళిచ్చిన కాగితాలు తీసింది. "డాక్టరు రాసింది చదివావా?"

"చదివాను. రక్తం, టీకాలు, అన్నీ బాగానే ఉన్నాయిగా."

"పై కాగితం నువ్వు వందసార్లు చదివుంటావు. ఇదిగో, ఆ వెనకది చూడు. ఎత్తు తొంభై సెంటీమీటర్లు. బరువు పదకొండు కిలోలు."

కోడలికి ఆ అంకెలు ఎక్కలేదు. అత్తగారికి మాత్రం కొలత చూస్తే మనిషి ఒళ్ళే కళ్ళకు కడుతుంది. టేపు తీసి గోడ వారగా నేలకు ఆనించి, తొంభై దగ్గర వేలు పెట్టి చూపించింది. అది కిటికీ అంచుకు కూడా అందని ఎత్తు.

కోడలు ఆ వేలిని చూసింది. నాలుగేళ్ళు నిండిన పిల్ల అంతేనా? ఎన్ని పూటలు కడుపు నిండక అలా ఉండిపోయిందో. గౌను పట్టుకునే అత్తగారి పక్కన కింద కూర్చుంది.

"నేనారోజు అన్నది తప్పేనమ్మా. ఇది చదివినప్పటినుంచీ నాకు ముద్ద దిగట్లేదు. నువ్వు కొన్న గౌను తొడిగితే భుజాలమీంచి జారిపోతుంది. ఇంట్లో అడుగుపెట్టగానే, ఇవి ఎవరో పెద్దపిల్ల కోసం కొన్నవని అనుకోదూ? ఇదైతే ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ, ఒళ్ళు గీసుకోదు."

"నాకో మాట చెప్పొచ్చుగా."

"నువ్వు ఆ గౌన్లని అంత మురిపెంగా మడతలు పెట్టుకుంటుంటే, నోరెలా వస్తుందే?"

కోడలు కళ్ళు తుడుచుకుని చేతిలోని గౌనును తిరగేసింది. అంచుకు పైన, లోపలివైపు మూడు మడతలు పట్టి, లాగితే ఊడొచ్చే పెద్ద కుట్లు వేసి ఉన్నాయి.

"ఇవెందుకు?"

"మనింటికొచ్చాక పెరగదా? పెరిగినప్పుడల్లా ఒక్కోటి విప్పుతాను."

కోడలికి ఏడుపు ఆగలేదు. అత్తగారి మోకాలి మీద తల పెట్టి, "మూడే పెట్టారేం?" అంది.

"గలీబు పొడుగు అంతే మరి. ఆ పైన నీ పెళ్ళినాటి దుప్పటి మీద కన్నేసి ఉంచాను. అడగడానికి భయమేసింది."

కోడలు లేచి వెళ్ళి, బీరువా అడుగున దాచుకున్న ఆ దుప్పటి తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"దీంట్లో ఆరేళ్ళ పిల్లకి కుట్టండి, అత్తయ్యా."