మూడో ట్యాంకులో గాలి

మురుగునీళ్లు శుభ్రం చేసే మా ప్లాంటులో మూడో ట్యాంకుకి చెడ్డపేరుంది. నీళ్లలోకి గాలి కొట్టే బ్లోయర్ ఆపితే చాలు, అడుగు నుంచి ఎవరో నిట్టూర్చినట్టు వినిపిస్తుందంటారు. చీకటి పడ్డాక అటు వెళ్లాల్సి వస్తే మా పంపు ఫిట్టర్లకి ఎక్కడలేని కడుపునొప్పులూ వచ్చేస్తాయి. నేనూ నవ్వేవాణ్ణి... ఆ బ్లోయర్లు నడిపే ఆపరేటర్ నోట ఈ సంగతి వినేదాకా.

ఆ ట్యాంకులో పోయింది ఆయన సొంత బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ప్లాంటులో ఉద్యోగం వేయించిందీ ఈయనే. ఒకరోజు ఆ కుర్రాడు కాలుజారి పడ్డాడు. బ్లోయర్ గది బయట ఉన్న ఈయన కేక విని లోపలికి పరుగెత్తి, కంగారులో గాలి పూర్తిగా పెంచేశాడు.

గాలి అందితే బతుకుతాడనుకున్నాడు పాపం! మురుగుని తినే సూక్ష్మజీవులకి రోజూ గాలి పెట్టే చెయ్యి కదా. కానీ బుడగలు నిండిన నీళ్లు మనిషిని మోయవు. ఎంత ఈతగాడైనా మునగాల్సిందే. ఆపి ఉంటే తేలేవాడు... ఆ ముక్క ఈయనకి తర్వాత తెలిసింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. "మీరు చెయ్యగలిగిందంతా చేశారండీ" అని భార్య అన్నప్పుడల్లా కంచం ముందు నుంచి లేచిపోయేవాడట.

అది జరిగిన చాన్నాళ్లకి, ఓ రాత్రి ల్యాబ్ అమ్మాయి ట్యాంకుల్లో ఆక్సిజన్ కొలతకి వచ్చింది. నీళ్ల మీద ఓ పెట్టె బోర్లించి, బుడగల్లోంచి పైకొచ్చే గాలిని పట్టాలి. కింద నుంచి పంపిన గాలిలో ఆక్సిజన్ ఎంత, ఇందులో మిగిలిందెంత అని చూడాలి. తగ్గినంతా నీళ్లలోకి దిగినట్టు లెక్క. రాత్రిపూట మురుగు వచ్చే వేగం నిలకడగా ఉంటుందని అప్పుడు పెట్టుకున్నారు.

"అన్నా, మూడోదాంట్లో ఆక్సిజన్ మరీ తగ్గిపోతోంది," అందా అమ్మాయి మెల్లగా. "లోపల ఎవరో పీల్చేస్తున్నట్టు..."

"అలా అనకమ్మా!"

పెట్టెని ఇంకోచోటికి జరుపుతానని ఆమె వెళ్లింది. ఈయన బ్లోయర్ గదిలో దూరి తలుపేసుకున్నాడు. లోపల ఒకటే హోరు. పక్కన పిడుగు పడ్డా వినపడదు.

అయినా వినపడింది... చెవి పక్కనే, గుసగుసగా —

"బావా... గాలి ఆపు."

తన కోసమే వచ్చాడనుకున్నాడు. రావలసినవాడే అనిపించింది.

"ఆపు బావా... ఈసారైనా."

చెయ్యి దానంతటదే స్విచ్ మీద పడింది. హోరు ఆగింది. బయటికి పరుగెత్తి చూస్తే మూడో ట్యాంకులో బుడగలు సద్దుమణుగుతున్నాయి. నీళ్ల మధ్యలోంచి... ఒక తల పైకి తేలింది.

ల్యాబ్ అమ్మాయి! పెట్టె తాడు లాగుతూ లోపల పడిపోయింది. ఈయన నీళ్లలో తేలే రబ్బరు ట్యూబ్ విసిరి, పట్టుకోమని అరిచి, ఎలాగో గట్టుకి లాగాడు. దగ్గి దగ్గి ఆమె ఊపిరి తెచ్చుకుంది.

గదిలో విన్నది ఈ అమ్మాయి కేకేనేమో, తనకే అలా వినిపించిందేమో అనుకున్నాడు. "బతికించావు తల్లీ," అన్నాడు ఏడుస్తూ. "గాలి ఆపమని అరిచావు కాబట్టి సరిపోయింది."

ఆమె తెల్లబోయి చూసింది.

"నోటినిండా నీళ్లన్నా... నేనెక్కడ అరిచాను?"

ఇంతవరకూ చెప్పి ఆపరేటర్ మూడో ట్యాంకు వైపు చూశాడు.

"గాలి పెంచింది నేనేనని వాడికి తెలుసు," అన్నాడు చివరికి. "మొదట్నుంచీ తెలుసు. అయినా... బావా అనే పిలిచాడు."