ఒకటే పాట, ఒకటే ఫైల్

ఖుర్సీపార్‌లో ఉదయ్‌కుమార్ స్పీకర్ల దుకాణంలోకి హేమశ్రీ అడుగు పెట్టిందే అరుస్తూ.

"భయ్యా! మా నాన్న టీవీకి స్పీకర్ కావాలి!"

ఉదయ్ హడలిపోయాడు. ఈ పిల్లతో పాత తగాదా ఏదైనా ఉందా అని జ్ఞాపకం చేసుకున్నాడు. ఏమీ లేదు. ఆమె నాన్న గురునాథరావు ఉద్యోగమంతా ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లు మోతలో చేసి, సగం వినికిడి అక్కడే వదిలేసి రిటైరయ్యాడు. ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఇటివ్వమన్నా అరవాల్సిందే.

ఆ సంగతి ఆమే చెప్పాక ఉదయ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అప్పుడు ఆమెను సరిగ్గా చూశాడు. వాన చుక్కలు ముక్కు మీంచి జారుతున్నా తుడుచుకోవడం లేదు. అంతే, అతని నోరు అదుపు తప్పింది.

"మామూలు ఎంపీత్రీలు వినకూడదండీ, పాపం తగులుతుంది. ఇదిగో, ఈ పెద్ద స్పీకర్ హై రిజల్యూషన్. పాడేవాళ్ళు ఊపిరి పీల్చడం కూడా వినబడుతుంది."

"వాళ్ళ ఊపిరి మాకెందుకు భయ్యా?"

ఆ 'భయ్యా' అతనికి ముల్లులా గుచ్చుకుంది.

"తేడా తెలిసే చెవులుండాలండీ. నేనైతే కళ్ళు మూసుకుని చెప్పేస్తాను."

"సచ్చీ? అయితే మూసుకోండి."

ఉన్న నలుగురు గిరాకీలూ చుట్టూ మూగారు. హేమశ్రీ తన ఫోన్ కలిపి పాట వేసింది. ఆపి, మళ్ళీ వేసింది. ఉదయ్ పాయసం రుచి చూస్తున్నవాడిలా తలాడించాడు.

"మొదటిది డొక్కు ఎంపీత్రీ. రెండోది... అబ్బ! తేనె!"

"రెండూ ఒకటే ఫైల్. మా అక్క వాట్సాప్‌లో పంపింది."

దుకాణం గొల్లుమంది. తనూ నవ్వేసి ఉంటే గొడవ వదిలేది. ఉదయ్ మాత్రం, "కేబుల్ లూజుగా ఉంది" అన్నాడు.

హేమశ్రీ ముఖంలో నవ్వు పోయింది. "తెలీలేదంటే ఏటి పోద్ది? తెలీకపోవడం తప్పా? తెలిసినట్టు దబాయించేవోడి మాట ఎలా నమ్మేది?" అని వానలోకి వెళ్ళిపోయింది.

ఆ పూట ఉదయ్‌కు ఏ స్పీకరూ వినబుద్ధి కాలేదు. ఆ పిల్ల కావాలి. పరువు పట్టుకుని కూర్చుంటే పిల్ల దక్కదు. మర్నాడు చవక స్పీకరొకటి ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని, తడుస్తూ రిసాలిలో వాళ్ళింటికి వెళ్ళాడు.

వరండాలో గురునాథరావు. గుమ్మంలో చేతులు కట్టుకుని హేమశ్రీ.

"నిన్న నాకు తేడా తెలీలేదండీ. కేబుల్ బాగానే ఉంది" అన్నాడు ఉదయ్ గొణుగుతూ.

"నాకెందుకు? వినేది నాన్న. ఆయనకి చెప్పండి."

ఉదయ్ గుండెల నిండా గాలి పీల్చాడు.

"నాకు తేడా తెలీదండీ! మీకు ఈ చిన్న స్పీకర్ చాలు! ఇంకోటి... మీ అమ్మాయంటే నాకు ఇష్టమండీ! పెళ్ళి చేసుకుంటానండీ!"

ఎదురింటి మిశ్రా ఆంటీ కిటికీ తెరిచింది.

"ఏటి బాబూ? వినబళ్ళేదు. ఇంకోపాలి చెప్పు" అన్నాడు గురునాథరావు.

మళ్ళీ అరిచాడు. మిశ్రా ఆంటీ స్టవ్ ఆపి బయటికే వచ్చేసింది.

"ఇంకోపాలి."

ఈసారి గొంతు జీరబోయింది గాని మాట మారలేదు. వీధంతా గేట్ల దగ్గరుంది. హేమశ్రీ చున్నీలో ముఖం దాచుకుంది.

గురునాథరావు తాపీగా కాళ్ళు చాపుకున్నాడు. "మొదటిపాలే వినబడింది. అంత కేక మిల్లులో ఉన్నా వినబడేస్తది."

"మరి మూడుసార్లు ఎందుకండీ?"

"నిన్న నీ టెస్టు సంగతి మా పిల్ల చెప్పింది. పాలికో మాట అంటావేటో అని నేనూ ఒక టెస్టు పెట్టాను." కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకేటైనా తేడా తెలిసిందా?"

"బిల్కుల్ లేదు నాన్నా!" అని అరిచింది హేమశ్రీ. "ఖాయం చేసెయ్!"