గంగమ్మ ముఖం కింద చుక్కలు

"తోతాపురి పండిందా?"

"బేనీషా పుల్లగా ఉంది."

కోడ్ కుదిరింది. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో, మామిడి తొక్కల గుట్ట చాటున ఏజెంట్ ధనంజయ దగ్గర గూఢచారి విభాగం చీఫ్ దామోదరం గొంతు తగ్గించాడు.

"మన రాడార్ రహస్యం దేశం దాటుతోంది ధనంజయా! చిత్తూరు పెయింటర్ పరంధామయ్య బొమ్మల్లో దాక్కుని వెళ్తోందట. కొత్త బొమ్మ ఇవాళ ఐదింటికి విదేశీ కొనుగోలుదారు కారెక్కుతుంది. తోడుగా మన ఆర్ట్ ఎక్స్‌పర్ట్ మిస్ స్టెల్లా వస్తుంది."

స్టెల్లా సెంటుకే ధనంజయ సెంటిమెంటు సగం కరిగింది.

కట్టమంచిలో పరంధామయ్య ఇల్లు. ధనంజయ టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో పులిహోర, కింది గిన్నెలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. రంగుల అడుగున గీసినదాన్ని పట్టేస్తుందది. స్నానాలగదిలో ఫిల్ము కడిగితే కొత్త బొమ్మలోని గంగమ్మ ముఖం కింద వరసకు వరస చుక్కలు!

స్టెల్లా నల్ల కళ్ళద్దాలు పైకెత్తి, పెన్సిల్‌తో లెక్క కట్టింది. "కోడ్! రాడార్ ఫ్రీక్వెన్సీ 2874."

వైర్‌లెస్‌లో చీఫ్ ఉలిక్కిపడ్డాడు. "అచ్చంగా అదే అంకె! అరెస్ట్ చెయ్!"

ఇన్‌ఫ్రారెడ్‌లో రెడ్ హ్యాండెడ్‌గా దొరికిన పరంధామయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "ఔనప్పా. నేనే రాసినా. తీసకపోండి."

"ఏందయ్యా ఆ మాట! ఉరేస్తారంట!" భార్య వరదమ్మ అడ్డమొచ్చింది.

"నువ్వూరుకో వరదా. ఉరైతే ఒక్కసారే. ఊరైతే రోజూ నవ్వుతాది."

ఆమె వంటింట్లోంచి బియ్యప్పిండి తెచ్చింది. నేలమీద ఫోటోలో ఉన్నట్టే చుక్కలు పెట్టి కలిపింది. గంగమ్మ ముఖం లేచి నిలబడింది.

"ముగ్గు నాయనా ఇది. ఆయనకు కండ్లు పోయి ఏడేండ్లాయ. ఆయన సెప్తాడు, నేనేస్తాను. చుక్కల్లేకుండా నాకు ముఖం కుదరదు."

దేశద్రోహి కోసం కెమెరా పెడితే ఒక ముసలాయన పరువు దొరికింది. ఆ వెంటనే ధనంజయ బుర్ర వెలిగింది. ముగ్గులో అంకె ఉండదు. మరి అసలు అంకె స్టెల్లాకెలా తెలిసింది?

వెనక్కి తిరిగాడు. స్టెల్లా లేదు!

వీధిలో కారు ఇంజన్ మోగుతోంది. టైము నాలుగు యాభై తొమ్మిది. మూసుకుంటున్న కారు తలుపుకు టిఫిన్ క్యారియర్ అడ్డుపెట్టి, కొనుగోలుదారు చేతికి అందబోతున్న స్టెల్లా లిప్‌స్టిక్ లాక్కున్నాడు. లోపల మైక్రోఫిల్ము!

"పెదవికి పూసుకోక పెద్ద రహస్యం దాచావా?" అంటూ బేడీలు వేశాడు. కానీ నవ్వు రాలేదు.

చుక్కలు తనవేనని వరదమ్మ వాంగ్మూలం ఇస్తేనే పరంధామయ్య మీది కేసు పోతుంది. ఆమె పెన్ను పట్టుకుని నింపాదిగా సంతకం చేసింది. ధనంజయ చూశాడు. 'పరంధామయ్య' అని ఉంది.

"అయ్యో, బొమ్మల కింద పెట్టీ పెట్టీ సెయ్యి అలవాటైపోయినాది. నా పేరు రాసి ఏడేండ్లాయ. కొట్టేసి రాసేదా నాయనా?"

గోడవైపు తిరిగిన మనిషి ఊపిరి బిగబట్టాడు.

"వద్దమ్మా."

దొంగ సంతకాల కేసులు పదకొండు పట్టుకున్న ఏజెంట్ ధనంజయ, దాని కిందనే 'నా ఎదుట పెట్టిన సంతకం' అని రాసి తన సంతకం గీకాడు.