ఎత్తు చెప్పేవాడు

ఆ వేసవి మధ్యాహ్నం ఫ్లోరిడా నౌకాదళ విమానాల మైదానంలో రెక్క మీద గుడ్డు కొడితే అట్టయ్యేది, కోడిని నిలబెడితే కూరే అయ్యేది. షెడ్డు వెనక నీడలో తుక్కుకి పోవాల్సిన పాత డైవ్ బాంబరు విమానం ఒకటి పడి ఉంది. దాని రెక్కల వెనక అంచు రేకులకి జల్లెడలా బొక్కలు. ఓడ మీదికి నిట్టనిలువుగా దూకేటప్పుడు ఆ రేకులు విచ్చుకుని వేగాన్ని పట్టి ఉంచేవి. దీని తర్వాత వచ్చిన కొత్త రకం విమానం, బాంబును కడుపులోనే దాచుకునేది గానీ, రెండు చర్చిలంత బరువు. కుర్రాళ్లు ఆ కొత్తదాన్ని మృగం అని పిలిచేవారు.

"మీ ముసలిదాన్ని పలకరించడానికొచ్చారా, లెఫ్టినెంట్?" అన్నాడు మెకానిక్ బస్టర్, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ. "ఉలకదు, పలకదు. బ్యాటరీ, రేడియో అన్నీ పీకేశాను."

ఒకప్పుడు దాన్ని నడిపిన డెల్మర్ ప్రూయిట్ నవ్వలేదు. అతని వెనకే వెర్నా టైస్ నిలబడి ఉంది. ఆమె తమ్ముడు హోబర్ట్ ఈ విమానంలోనే డెల్మర్‌కి వీపు ఆనించి, తోక వైపు చూస్తూ తుపాకీతో కూర్చునేవాడు. విమానం కిందికి దూకేటప్పుడు ఎత్తు చదివి చెప్పడం కూడా అతని పనే.

"దూకేటప్పుడు భయంతో మావాడి నోరు పడిపోయిందని మా ఊరంతా అనుకుంటున్నారండి," అంది వెర్నా. "అమ్మ చర్చికి వెళ్లడమే మానేసింది. మీరు చెప్పండి, నిజమేనా?"

డెల్మర్ చెవులు కాలిపోయాయి. ఆ మాట పుట్టించింది తనే. శత్రువు ఓడ మీదికి దూకిన ఆ రోజు హోబర్ట్ ప్రతి ఎత్తూ గంట కొట్టినట్టు చెప్పాడు. బెదిరిపోయి, మబ్బుల్లోంచే బాంబు వదిలేసి పక్కకి తిప్పేసింది డెల్మర్. పై అధికారుల ముందు మాత్రం, వెనకవాడు నోరు విప్పలేదన్నాడు. పక్కనే నిలబడ్డ హోబర్ట్ నేల చూశాడే తప్ప కాదనలేదు. ఆ తర్వాత అతన్ని ఇంకొకరి వెనక సీట్లో పంపారు. సముద్రం అతన్ని తిరిగివ్వలేదు.

"భయం... అందరికీ ఉంటుందమ్మా," అన్నాడు డెల్మర్.

ఆమె తిన్నగా వెనక సీట్లోకి ఎక్కింది. ఆమె ముఖం చూడలేక అతను ముందు సీట్లో కూలబడ్డాడు. వేడెక్కిన రబ్బరు, నూనె, ఎక్కడిదో ఉప్పు వాసన.

వేలాడుతున్న హెడ్‌ఫోన్లు తగిలించుకుంది వెర్నా.

"ఎవరో అంకెలు చెబుతున్నారండి."

"గాలి అయ్యుంటుంది."

"ఎనిమిది వేల అడుగులంట."

డెల్మర్ ఎదుట ఎత్తు చూపే ముల్లు కదిలింది... ఎనిమిది వేల మీంచి కిందికి.

"ఆరు వేలు... నాలుగు..."

చెవుల్లో పోటు. దూకేటప్పుడు వచ్చే పోటే. చక్రాలు సిమెంటు మీదే ఉన్నాయి. అవతల బస్టర్ పొట్టు ఊదుకుంటున్నాడు.

"రెండు వేలు. వదలమంటున్నాడు." ఆమె హెడ్‌ఫోన్లని చెవులకి నొక్కుకుంది. "ఇది మావాడేనండి. ఏం వదలమంటున్నాడు?"

డెల్మర్ కళ్లు బాంబు వదిలే పిడి మీదికి పోయాయి.

"మళ్లీ అడుగుతున్నాడు. కోపంగా కాదు... నెమ్మదిగా."

ముల్లు సున్నా దగ్గరికి జారుతోంది.

"వాడు అన్నీ చెప్పాడు," అన్నాడు డెల్మర్. తలెత్తలేదు. "బెదిరింది నేను. వాడి మీదికి నెట్టేశాను."

ముల్లు సున్నా మీద ఆగింది. వెర్నా అతని వైపు తిరిగింది.

"అమ్మ ముందు, చర్చిలో, అందరూ వినేలా చెబుతారా?"

"చెబుతాను."

"మరి..." అంది వెర్నా గుసగుసగా, "వాడు ఆపడం లేదేంటండి?"

"ఏం చెబుతున్నాడు?"

"నేల దాటిపోయాం అంటున్నాడు. ఇప్పుడు నీళ్ల కింద ఎంత లోతుకి దిగామో చెబుతున్నాడు."

ముల్లు సున్నా మీదే ఉంది. చెవులు తెరుచుకుంటాయేమోనని డెల్మర్ గుటక వేశాడు. మళ్లీ వేశాడు.

చెవుల్లో పోటు పెరుగుతూనే ఉంది...