ముప్ఫై రెండు డిగ్రీల బిరడా

“బాంబు కాదు. బ్యాటరీ లేదు. ఏ స్కానర్‌కీ చిక్కదు.” విజయవాడ ఆఫీసులో చీఫ్ కనకవల్లి ఒక ఫోటో టేబుల్ మీదికి తోసింది. “విషం నింపిన ఫ్లాస్కు. మూతికి హైడ్రోజెల్ బిరడా. చల్లగా ఉన్నంతసేపు నీరు పీల్చి ఉబ్బి, మూతిని బిగించేస్తుంది. ముప్ఫై రెండు డిగ్రీలు దాటితే నీరు వదిలేసి ముడుచుకుపోతుంది.”

“విషం కారుతుంది,” అన్నాడు ఏజెంట్ కిరీటి.

“పామర్రు దగ్గర పంపుహౌస్‌లో. ఇరవై ఊళ్లు తాగే నీళ్లు. విదేశీ ముఠాలో మన మనిషి ధనశ్రీ ఉంది, చోటు చూపిస్తుంది. మళ్లీ చల్లబరిస్తే బిరడా ఉబ్బుతుంది, గుర్తుంచుకో. కోపం మాత్రం తెచ్చుకోకు.”

“అదొక్కటీ అడక్కండి.”

మే నెల మిట్టమధ్యాహ్నం బ్లీచింగ్ బస్తా మోసే కూలీ వేషంలో అతను పంపుహౌస్ చేరాడు. రేకుల కప్పు కింద, నీలం చీరలో, ఇంజనీరు బ్యాడ్జితో ధనశ్రీ నిలబడి ఉంది.

“కూచిపూడిలో అడుగు తప్పిందా?” అన్నాడు.

“తాళం తప్పలేదు.” కోడ్ సరిపోయింది. “ఎండన పడొచ్చారు. ముందు మంచినీళ్లు తాగండి.” తడిగుడ్డ చుట్టిన కుండలో గ్లాసు ముంచి అందించింది.

అప్పుడు చూశాడు: సంపు మీద తలకిందులుగా వేలాడే ఫ్లాస్కు. అటు తిప్పిన వాచీలోని థర్మామీటరు ఫ్లాస్కు వేడిని ముప్ఫై ఒకటి పాయింట్ ఆరుగా చూపింది.

“కదలకండి.” ఆమె చేతిలో పిస్టలు. “ముఠావాళ్లు నన్ను మనిషిగా చూశారు. మీ ఆఫీసు ఫైలుగా చూసింది.”

“నేనూ ఫైలునే. అయినా ఈ నీళ్లు కలుషితం కానివ్వను.”

“చచ్చిపోతారు.”

“కాల్చండి.”

గొంతు పిడచకట్టుకుపోయింది. చేతిలో గ్లాసు చల్లగా ఉంది. ఒక్క గుక్క తాగమని ఒళ్లంతా బతిమాలింది. వాచీలో ముప్ఫై రెండు. బిరడా అంచున తడి మెరిసింది.

గ్లాసెత్తాడు. ముఖాన కొడతాడనుకుని ఆమె కళ్లు మూసుకుంది. నీళ్లు ఫ్లాస్కు మూతి మీద పడ్డాయి. ఆమె కళ్లు తెరిచేలోపు, అతను తన్ని పడగొట్టిన పిస్టలు అతని కాలి కింద ఉంది. ముడుచుకోబోయిన జెల్ మెల్లగా ఉబ్బి, మూతి నిండింది. చుక్క జారలేదు. ఫ్లాస్కును తిరగేసి, బస్తాలో దాచి తెచ్చిన ఐసుపెట్టెలో పెట్టాడు.

ఆమెకు బేడీలు వేసి, చీఫ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

“నిన్ను చంపబోతూ నీళ్లెందుకిచ్చింది?” అంది కనకవల్లి.

“పామర్రు మనిషండీ. ఎండన పడొచ్చినవాణ్ణి చూస్తే చెయ్యి కుండ మీదికే పోతుంది.” ధనశ్రీ వైపు తిరిగాడు. “ఇంకో గ్లాసు దొరుకుతుందా?”

ఆమె బేడీల చేతులు ఎత్తి చూపించింది.

“ఈసారి మీరే ముంచుకోండి.”